రాయి లేని నేలలో లోహం ఎక్కడిది?

కోనసీమలో బావి తవ్వితే పైన ఒండ్రు, దాని కింద ఇసుక, ఇసుక కింద మళ్ళీ ఒండ్రు. గునపానికి రాయి తగలదు. రుబ్బురోలైనా, గడప రాయైనా, గుడి స్తంభమైనా ఎగువ నుంచి పడవ మీదో బండి మీదో రావలసిందే. రాయే లేనిచోట రాగి, సీసం, తగరం ఖనిజాల మాటే ఉండదు. అంటే గౌతమికీ వసిష్ఠకీ మధ్య నేలలో దొరికే ప్రతి పాత లోహపు ముక్కా బయటి నుంచి వచ్చిందే. అది నాణెమైనా, గుడి గంటైనా, రాగిరేకు శాసనమైనా సరే.

గనుల పక్కన ఉన్న ఊళ్ళో ఒక రాగి కడియం బయటపడితే ఇక్కడిదే అయ్యుంటుందని ఊరుకోవచ్చు. డెల్టాలో ఆ వీలు లేదు. ఎక్కడిదన్న ప్రశ్న ముక్కతో పాటే పైకి వస్తుంది. ఆ ప్రశ్నకు లోహం లోపలి నుంచే జవాబు రాబట్టే పద్ధతి ఐసోటోపుల విశ్లేషణ, అంటే ఒకే మూలకంలోని వేర్వేరు బరువుల పరమాణువుల పాళ్ళు కొలవడం. 1960లలో అమెరికాలో మొదలై, 1980ల నాటికి ఆక్స్‌ఫర్డ్‌లో నోయెల్ గేల్, జోఫియా స్టోస్ గేల్ చేతిలో పెద్ద శాస్త్రంగా ఎదిగింది. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర దాదాపు 3,300 ఏళ్ళ క్రితం మునిగిన ఓడలో సుమారు 10 టన్నుల రాగి దిమ్మలు దొరికితే, వాటిలో ఎక్కువ భాగం సైప్రస్ ద్వీపపు రాగి అని తేల్చింది ఈ పద్ధతే. జర్మనీలో దొరికిన నెబ్రా కంచు పళ్ళెంలోని రాగి ఆస్ట్రియా కొండల్లోని మిట్టర్‌బెర్గ్ గనులదని చెప్పిందీ ఇదే. గోదావరి డెల్టాకు ఈ పద్ధతి ఎంత అవసరమో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కాస్త నిదానంగా చూడాలి.

ఓడ బొమ్మ ఉన్న సీసపు బిళ్ళ

శాతవాహనులు సీసంతో నాణేలు వేశారు. వెండి, రాగి, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన మిశ్రమ లోహం) నాణేలూ వేశారు గానీ ఆంధ్ర ప్రాంతంలో సీసపు నాణేలది పెద్ద వాటా. డెల్టాలోనూ దాని అంచునా వారి ఉనికికి రాతి సాక్ష్యం కూడా ఉంది. పిఠాపురం దగ్గర కొడవలి కొండ మీద చివరి శాతవాహన రాజుల్లో ఒకడైన చండశాతి శాసనం ఉంది. మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది.

తూర్పు తీరంలో దొరికిన, శాతవాహన రాజు పుళుమావి సీసపు నాణెం ఒకటి అరచేతిలో పెట్టుకున్నామనుకోండి. మొదట తెలిసేది బరువు. అంత చిన్న బిళ్ళకు అంత బరువు ఉంటుందని చెయ్యి అనుకోదు. పైన బూడిద రంగు, గుంటల్లో సున్నం పూసినట్టు తెల్లటి పొర. గాలికీ తేమకీ సీసం కార్బనేటుగా మారితే ఏర్పడే పొర అది. ఒక వైపు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ. అంచున బ్రాహ్మీ అక్షరాలు, అచ్చు పక్కకు పడి సగం తెగిపోయి ఉంటాయి. రెండో వైపు అడ్డగీత, నిలువుగీత, నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు. దాన్ని ఉజ్జయిని గుర్తు అంటారు. గోరుతో గట్టిగా నొక్కితే గీత పడేంత మెత్తన. ఇంత మెత్తటి లోహాన్ని రోజూ చేతులు మారే డబ్బుగా వాడారంటే సీసం వారికి తేలిగ్గా, పెద్ద మొత్తంలో అందుతూ ఉండి ఉండాలి.

ఎక్కడి నుంచి? ఇక్కడే అసలు చిక్కు. శాతవాహనుల కాలంలోనే రోములో ఉన్న రచయిత ప్లినీ, హిందూదేశంలో కంచూ లేదు, సీసమూ లేదు, రత్నాలు ముత్యాలు ఇచ్చి వాటిని తెచ్చుకుంటారని రాశాడు. క్రీ.శ. ఒకటో శతాబ్దపు సముద్ర వ్యాపార గ్రంథం పెరిప్లస్ కూడా పడమటి తీరపు రేవులైన భరుకచ్ఛానికీ ముజిరిస్‌కీ దిగుమతయ్యే సరుకుల్లో రాగి, తగరం, సీసం మూడింటినీ లెక్కపెట్టింది. ఈ మాటల బలం మీద, శాతవాహనుల సీసం రోమన్ ఓడల్లో వచ్చిందని చాలామంది అనుకున్నారు.

కానీ ప్లినీ మాటలో సగమే నిజం. రాజస్థాన్‌లో రాంపురా ఆగుచా, రాజ్‌పురా దరీబా, జావర్ గనుల్లో సీసం, వెండి క్రీస్తుకు ముందే తవ్వారు. ఇంకా దగ్గరకు వస్తే పల్నాడులో వినుకొండ అవతల అగ్నిగుండాల ప్రాంతం ఉంది. బండ్లమోటు కొండలో సీసం, నల్లకొండలో రాగి. 20వ శతాబ్దంలో కూడా అక్కడ గని నడిచింది. కడప జిల్లా జంగంరాజుపల్లెలో సీసం, జింకు ఉన్నాయి. గోదావరి పరీవాహకంలోనే కొత్తగూడెం వైపు మైలారంలో రాగి ఉంది. ఇవి చాలవన్నట్టు సముద్రం అవతల థాయ్‌లాండ్ కాంచనబురి కొండల్లో పాత సీసపు గనులున్నాయి. క్రీ.శ. రెండో శతాబ్దపు టాలెమీ, మైసోలియా అనే ఈ తీరం నుంచే బంగారు భూమికి, అంటే ఆగ్నేయాసియా వైపు, ఓడలు బయలుదేరతాయని రాశాడు. వెళ్ళిన ఓడలు ఖాళీగా తిరిగి రావు కదా.

నాణెం మీది అక్షరాలు రాజు ఎవరో చెబుతాయి, ఓడ బొమ్మ వ్యాపారం సంగతి చెబుతుంది. సీసం ఏ కొండదో మాత్రం రెండూ చెప్పవు.

సీసం వయసు చెప్పే లెక్క

సీసమంతా చూడ్డానికి ఒకటే. కానీ దాని పరమాణువుల్లో నాలుగు బరువులున్నాయి: 204, 206, 207, 208. రసాయన గుణంలో తేడా లేదు, బరువులో మాత్రమే తేడా. వీటినే ఐసోటోపులంటారు. వీటిలో 204 రకం భూమి పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. మిగతా మూడూ పెరుగుతూ వచ్చాయి. యురేనియం 238 తరిగి 206 అవుతుంది, యురేనియం 235 తరిగి 207 అవుతుంది, థోరియం తరిగి 208 అవుతుంది. ఈ తరుగుదల చాలా నెమ్మది. యురేనియం 238 సగమవడానికి 447 కోట్ల ఏళ్ళు, యురేనియం 235కి 70 కోట్ల ఏళ్ళు, థోరియానికి 1,400 కోట్ల ఏళ్ళు పడుతుంది.

భూమి పుట్టిన కొత్తలో ఒక్కో 204 పరమాణువుకు తొమ్మిది చిల్లర 206 పరమాణువులు ఉండేవి. ఇప్పుడు నేల పైపొరలో సగటున ఆ లెక్క 18 దాటింది. ఒక చోట భూమి లోపలి వేడినీళ్ళు సీసాన్ని మోసుకొచ్చి రాతి పగుళ్ళలో గెలీనా అనే సీసపు ఖనిజంగా పేర్చాయనుకుందాం. గెలీనాలోకి యురేనియం దాదాపుగా రాదు. కాబట్టి ఆనాటి నిష్పత్తి అక్కడితో ఆగిపోతుంది. బయట రాళ్ళలో 206 పెరుగుతూనే ఉంటుంది, గెలీనాలో మాత్రం పెరగదు. అందుకే పాత ఖనిజంలో సంఖ్య తక్కువ, కొత్త ఖనిజంలో ఎక్కువ. చుట్టూ ఉన్న రాళ్ళలో యురేనియం, థోరియం ఎంతెంత ఉన్నాయన్నదాన్ని బట్టి మిగతా సంఖ్యలూ కొంచెం కొంచెం మారతాయి.

అసలు విలువైన సంగతి ఇంకొకటుంది. ఆ ఖనిజాన్ని కొలిమిలో కాల్చినా, అందులోంచి వెండి తీసేసినా, కరిగించి నాణెంగా పోసినా, రెండు వేల ఏళ్ళు బురదలో పడి ఉన్నా ఈ నిష్పత్తి మారదు. సీసం పరమాణువు చాలా బరువు. 206కీ 204కీ ఉన్న తేడా మొత్తంలో ఒక్క శాతం. మంట ఆ చిన్న తేడాను పట్టించుకోదు, రెండింటినీ ఒకేలా కరిగిస్తుంది.

ఇప్పుడు సంఖ్యలు చూడండి. రాజస్థాన్‌లోని పెద్ద సీసపు గనులు 170, 180 కోట్ల ఏళ్ళ నాటివి. అక్కడ 206కీ 204కీ నిష్పత్తి 16కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రోమన్లు విరివిగా తవ్విన ఆగ్నేయ స్పెయిన్‌లోని కార్తహేనా గనులు భూమి వయసులో నిన్న మొన్నటివి. అక్కడ అదే నిష్పత్తి 18.7 దాకా ఉంటుంది. నేటి యంత్రాలు రెండో దశాంశ స్థానాన్ని కూడా నమ్మకంగా కొలుస్తాయి. 16కీ 18.7కీ మధ్య తేడా వాటి ముందు కొండకీ గులకరాయికీ ఉన్నంత. ఒక సీసపు నాణెం రాజస్థాన్‌దా, కార్తహేనాదా అన్న ప్రశ్న వరకే అయితే తేల్చడం పెద్ద పనేమీ కాదు.

రాయి గుణాన్ని బట్టి పుట్టిన చోటు చెప్పడం గోదావరికి కొత్త కాదు. నదీ ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం డ్రిల్లింగ్ చేసి తీసిన బురదను తర్వాత శాస్త్రవేత్తలు నియోడిమియం అనే మూలకపు ఐసోటోపులతో పరీక్షించారు. మహారాష్ట్ర దక్కన్ రాళ్ళ వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు, దిగువన ఉన్న గట్టి రాళ్ళవి వందల కోట్ల ఏళ్ళు. రెండింటి ఐసోటోపులూ వేరు. సముద్రం అడుగు బురదలో దక్కన్ రాళ్ళ నుంచి వచ్చిన నల్లరేగడి వాటా గత కొన్ని వేల ఏళ్ళలో పెరిగిందని అలా తేలింది. ఎగువన ఎండలు ముదిరి, పచ్చదనం తగ్గి, సాగు పెరిగి మట్టి కొట్టుకొచ్చిందన్న మాట. డెల్టాలోని మట్టికి వేసిన ప్రశ్నే ఇక్కడ లోహానికి వేస్తున్నాం.

వేలిముద్ర కాదు, ఇంటిపేరు

పత్రికల్లో ఈ పద్ధతి గురించి రాసేటప్పుడు గనికి వేలిముద్ర ఉంటుందని రాస్తారు. ఆ పోలిక మోసం చేస్తుంది. వేలిముద్ర ఒక్కరికే ఉంటుంది. సీసం నిష్పత్తి అలా కాదు, అది ఇంటిపేరు లాంటిది. ఒకరి ఇంటిపేరు వేరని తెలిస్తే ఆ కుటుంబంవాడు కాడని ధైర్యంగా చెప్పవచ్చు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఫలానా ఇంటివాడేనని చెప్పలేం. ఒకే ఇంటిపేరు అమలాపురంలోనూ ఉంటుంది, తెనాలిలోనూ ఉంటుంది, రెండు కుటుంబాలకీ చుట్టరికమే ఉండకపోవచ్చు. అలాగే ఒకే కాలంలో ఒకే తరహాలో ఏర్పడిన రెండు గనులు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఒకే సంఖ్య చూపించవచ్చు. అందుకే ఈ పద్ధతి "ఇక్కడిది కాదు" అన్నప్పుడు బలంగా, "ఇక్కడిదే" అన్నప్పుడు కొంత తడబడుతూ మాట్లాడుతుంది. వచ్చిన ఫలితాన్ని ఈ తేడా మనసులో పెట్టుకుని చదవాలి. చాలా గొడవలు దీన్ని మరిచిపోవడం వల్లే వచ్చాయి.

సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరుతో ఆగకుండా గోత్రం కూడా అడుగుతారు. ఇక్కడా అంతే. 206ని మాత్రమే కాకుండా 207, 208 నిష్పత్తులు కూడా చూడాలి. ఆ పైన లోహంలో కొసరుగా ఉన్న వెండి, ఆర్సెనిక్, ఆంటిమొని, నికెల్, బిస్మత్ ఎంతెంతో చూడాలి. అగ్నిగుండాల ఖనిజమూ వంద కోట్ల ఏళ్ళు దాటిన రాతిలోదే, రాజస్థాన్‌దీ పాతదే. ఈ రెండింటినీ విడదీయాలంటే ఒక్క సంఖ్య సరిపోదు. సీసంలో వెండి ఎంత మిగిలిందన్నది మరో కథ చెబుతుంది. వెండి బాగా తక్కువుంటే, వెండి కోసం కరిగించి తీసేశాక మిగిలిన సీసం కావచ్చు. అప్పుడు గనివాళ్ళ అసలు సరుకు వెండి, నాణేలకు వచ్చింది మిగులు సరుకు అనుకోవచ్చు. శాతవాహనులకు సీసం అంత విరివిగా ఎలా దొరికిందన్న ప్రశ్నకు అదొక సమాధానం అవుతుంది.

మన దక్షిణాదిలో ఈ దారిలో పెద్ద అడుగు వేసింది శారదా శ్రీనివాసన్. 1990లలో ఆమె వందకు పైగా దక్షిణ భారత లోహ విగ్రహాలను సీసం ఐసోటోపులతోనూ, కొసరు మూలకాలతోనూ పరీక్షించారు. పల్లవుల నాటివి, చోళుల నాటివి, విజయనగరం నాటివి వేర్వేరు గుంపులుగా పడ్డాయి. శిల్పరీతి చూసి కాలం తేల్చలేక వాదులాడుకున్న కొన్ని విగ్రహాలకు లోహమే కాలం చెప్పింది. గని పేరు తెలియకపోయినా, ఒకే రాజ్యంలో ఒకే కాలంలో వాడిన లోహం ఒకచోట గుమికూడుతుందన్న గమనిక అందులో ముఖ్యమైనది. డెల్టా నాణేలకు కూడా మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఎగువన గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలూ, తీరంలో దొరికిన ఓడ నాణేలూ ఒకే గుంపులో పడతాయా, రెండుగా విడిపోతాయా? ఒకే గుంపైతే లోహం నది వెంట దిగివచ్చిందనుకోవచ్చు. విడిపోతే తీరానికి వేరే దారి ఉండేదన్న మాట.

ఆవగింజంత చాలు

నాణేన్ని పాడు చేయకుండా ఇదంతా ఎలా అని మ్యూజియం వాళ్ళకు టెన్షన్. ఒకప్పుడు అది న్యాయమైన భయమే. ఇప్పుడు గుండుసూది తలకాయలో సగం కూడా అక్కర్లేదు. అర మిల్లీమీటరు డ్రిల్‌తో అంచున కనిపించని చోట రంధ్రం చేస్తారు. మొదట వచ్చే పొడిని పారేస్తారు, ఎందుకంటే అది పైపొర, మట్టి కలిసినది. లోపలి మెరిసే పొడి కొన్ని మిల్లీగ్రాములు చాలు. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, రెసిన్ నింపిన సన్నటి గొట్టంలోంచి పంపి సీసాన్ని మాత్రం వేరు చేస్తారు. ఆ ద్రావణాన్ని వేల డిగ్రీల వేడి వాయువైన ప్లాస్మాలోకి చిమ్మితే పరమాణువులు విద్యుదావేశంతో బయటకొస్తాయి. అయస్కాంతం వాటిని వంపు తిప్పుతుంది. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. నాలుగు బరువులు నాలుగు గిన్నెల్లో పడతాయి. ఇలాంటి మాస్ స్పెక్ట్రోమీటర్లు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్నాయి, దేశం దాటిపోవాల్సిన పని లేదు.

ఇందులో శుభ్రత ప్రాణం. సీసం గాలిలో ఉంది, దుమ్ములో ఉంది. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్ ఈ సీసం లెక్కతోనే తేల్చాడు. అతడు ముందు ఏళ్ళ తరబడి పోరాడింది తన ప్రయోగశాలలోకి బయటి నుంచి చొరబడుతున్న సీసంతో. అది పెట్రోలు పొగలోంచి వస్తోందని తెలిసి మిగతా జీవితమంతా పెట్రోలులో సీసం కలపడానికి వ్యతిరేకంగా పోరాడాడు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. అప్పటిదాకా రోడ్ల పక్కన పడ్డ సీసం ఇంకా ఆ మట్టిలోనే ఉంది. సీసపు నాణేనికి దాని వల్ల నష్టం లేదు, సముద్రంలో చుక్క. రాగిరేకు లాంటి దానికి మాత్రం ముప్పే. అందులో సీసం కొసరుగా మాత్రమే ఉంటుంది కాబట్టి, పైన పట్టిన చిలుములోకి దిగిన ఆధునిక సీసం లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే పైపొర పారేయడం తప్పనిసరి.

రాగిరేకు చెప్పని మాట

తూర్పు చాళుక్యుల రాగిరేకులు ఈ డెల్టాకు గుండెకాయ లాంటివి. నన్నయ రచించిన నందంపూడి శాసనం తెలుగు చదువుకున్న వాళ్ళందరికీ పరిచయమే. రాజరాజనరేంద్రుడు రెండేరుల నడిమి విషయంలో, అంటే నేటి కోనసీమలో, ఒక ఊరిని నారాయణభట్టుకు ఇచ్చిన దానపత్రం అది. కోరుమిల్లిలోనూ ఆ రాజు రేకులే దొరికాయి. రేకు అంచులను కాస్త పైకి లేపి కొట్టేవారు, ఒకదాని మీద ఒకటి పెట్టినా అక్షరాలు అరగకుండా. అన్నింటికీ కలిపి ఒక రంధ్రం, అందులో లావుపాటి రాగి కడియం, కడియం కొసలను మూస్తూ వరాహంతో, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదుతో ముద్ర. దానం పొందినవాడి గోత్రం, ఊరి నాలుగు పొలిమేరలు, రాసిన కవి, అన్నీ రేకు మీద ఉంటాయి. ఆ రేకు రాగి ఎక్కడిదో ఎవరూ రాయలేదు. రాయాల్సిన అవసరం వారికి కనబడలేదు.

ఈ రేకుల మీద మన చదువు ఎక్కువగా అక్షరాల మీదే సాగింది. లోహాన్ని కూడా చదవవచ్చు. రేకునీ కడియాన్నీ ముద్రనీ వేర్వేరుగా చూడాలి. మూడూ ఒకే రాగి అయితే ఒకే చోట ఒకే విడతలో తయారైనట్టు. ముద్ర వేరే పోతదైతే అది రాజధాని నుంచి విడిగా వచ్చిందని ఊహించవచ్చు. రంధ్రం చేయాల్సి వస్తే కడియం లోపలి వైపు చేస్తే అక్షరాలకు ఏమీ కాదు.

అయితే రాగి దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. రాగిలో కొసరుగా ఉన్న సీసం ఖనిజంతో పాటు వచ్చినదైతే, సీసం ఐసోటోపులు రాగి జాడే చెబుతాయి. కంచు విగ్రహంలో మాత్రం పోత బాగా పారడానికి సీసం విడిగా కలుపుతారు. అలా రెండు మూడు శాతం కలిపితే, యంత్రం చెప్పేది కలిపిన సీసం ఊరే. రాగి ఊరు దాని కింద పూర్తిగా మునిగిపోతుంది. సీసం జాడను రాగి జాడగా చదివితే చరిత్రే తప్పిపోతుంది.

తగరం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దేశంలో తగరం దొరికే ముఖ్య ప్రాంతం బస్తర్. దంతెవాడ, సుక్మా వైపు ఆదివాసులు వాగుల ఇసుక కడిగి తగరపు ఖనిజాన్ని తీస్తారు. ఆ పక్కనే ఒడిశాలో మల్కన్‌గిరి ప్రాంతంలోనూ తగరం ఉంది. ఈ నీళ్ళన్నీ శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తాయి. సముద్రం అవతల థాయ్‌లాండ్, మలయా తగరం ప్రపంచంలోనే పేరు మోసినది. డెల్టాలో ఒక కంచు గిన్నె దొరికితే అందులోని తగరం శబరి దారిన వచ్చిందా, సముద్రం దారిన వచ్చిందా? తగరానికి స్థిరమైన ఐసోటోపులు పది, ఏ మూలకానికీ అన్ని లేవు. వాటితో ఊరు పట్టే పని ఈ మధ్యే ఊపందుకుంది. ఉలుబురున్ ఓడలోని తగరంలో కొంత మధ్య ఆసియా నుంచి వచ్చిందని 2022లో ప్రచురించారు. తగరం సీసం అంత నమ్మకస్తురాలు కాదు, బాగా కాగితే కొంత ఆవిరై నిష్పత్తి కదులుతుంది. అయినా శబరికీ సముద్రానికీ మధ్య తేల్చే ప్రశ్న ఈ డెల్టాకే ప్రత్యేకం. ఎవరైనా ఎత్తుకోవలసిన ప్రశ్న.

తుక్కు, మూస, కలగలుపు

తణుకు దగ్గర అజ్జరం ఇత్తడికి పేరు. బిందెలు, గంటలు, దీపపు కుందులు, గుడి మకర తోరణాలు అక్కడ తయారవుతాయి. పాత సామాను ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం ఈ జిల్లాల్లో ప్రతి ఇంటికీ అలవాటే. అమ్మమ్మ నాటి చిల్లుబిందె, విరిగిన కుళాయి, సొట్టపడ్డ పళ్ళెం అన్నీ తూకానికి పోతాయి. అన్నీ ఒకే మూసలో కరిగి కొత్త గంటగా బయటికొస్తాయి. ఆ గంటను పరీక్షిస్తే వచ్చే సంఖ్య ఏ గనిదీ కాదు, అన్ని గనుల సగటు. 16 ఉన్న సీసమూ 18.7 ఉన్న సీసమూ చెరిసగం కలిస్తే 17.35 వస్తుంది. ఆ సంఖ్య ఉన్న మూడో గని ఇంకెక్కడో ఉంటే, ఎన్నడూ అడుగుపెట్టని ఊరికి ఆ గంటను చుట్టం చేసేస్తాం.

ప్రాచీన కాలంలోనూ కొలిమి దగ్గర ఇదే జరిగింది. 1990లలో ఈ కలగలుపు మీద యూరప్‌లో పెద్ద వాదమే నడిచింది. సీసం ఐసోటోపులతో ఊరు చెప్పడం అసలు సాధ్యమా అని కొందరు నిలదీశారు. వాదం వల్ల మేలే జరిగింది. ఒక వస్తువును పట్టుకుని తీర్పు చెప్పకూడదని, పదుల కొద్దీ వస్తువులను ఒక పటం మీద పెట్టి చూడాలని అందరూ ఒప్పుకున్నారు. రెండు ఊళ్ళ లోహాన్ని కలిపి వాడి ఉంటే ఆ చుక్కలన్నీ రెండు గనుల మధ్య ఒక గీత మీద పడతాయి. గీత కనబడితే కలగలుపు కూడా సాక్ష్యమే అవుతుంది. రెండు చివరలూ రెండు గనుల వైపు చూపిస్తాయి.

తర్వాతి శతాబ్దాల్లో ఈ కలగలుపు ఇంకా పెరిగింది. పాలకొల్లులో డచ్చివారి స్థావరం ఉండేది. 17, 18 శతాబ్దాల్లో వారు జపాన్ రాగిని కడ్డీలుగా తెచ్చి కోరమాండల్ తీరమంతా అమ్మారు. జపాన్‌లోని బెస్షి గని 1691లో మొదలై ఆ ఎగుమతులకు ఆధారమైంది. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ రాగిని, తగరాన్ని తెచ్చి అమ్మింది. కాబట్టి డెల్టాలో ఒక పాత ఇత్తడి బిందెలో జపాన్ కొండ ఉండవచ్చు. నరసాపురం రేవులో దిగిన సరుకు జాడ ఇంటి వంటపాత్రల్లో వెతకవలసిన రోజులు వస్తాయి.

పోల్చడానికి ఖనిజం, దొరికిన చోటు

ఈ పనికి రెండు వైపుల ఆధారం కావాలి. ఒక వైపు వస్తువు, మరో వైపు పోల్చడానికి గనుల ఖనిజం. యూరప్ గనుల సంఖ్యలు వేల కొద్దీ పట్టికలకెక్కాయి. ఆగ్నేయాసియాకు ఒలివర్ ప్రైస్ బృందం సీసం ఐసోటోపుల పట్టికను కట్టుకుంటూ వచ్చింది. అగ్నిగుండాల, జంగంరాజుపల్లె, మైలారం, గరిమనిపెంట కొండల నుంచి కూడా అంతే ఓపికగా రాళ్ళు ఏరాలి. గని నోట్లో ఇవాళ దొరికే ఖనిజం ఒక్కటే చాలదు. పూర్వులు కరిగించిన చోట మిగిలిన చిట్టెం ఇంకా విలువైనది, వాళ్ళు నిజంగా వాడిన ఖనిజం అందులోనే ఉంది. చిట్టెం కుప్పలను రోడ్డు కంకరకు తోలేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. పట్టికలో ఒక గని లేకపోతే, ఆ గని సీసం వచ్చినా పట్టికలో ఉన్న దగ్గరి పేరుకే అతుక్కుంటుంది. స్పెయిన్ సంఖ్యలు వేలుండి అగ్నిగుండాల సంఖ్యలు పదే ఉంటే, మన సీసమంతా రోమన్‌దిగా కనబడే ప్రమాదం ఉంది. ప్లినీ మాట అలా తప్పుదారిన మళ్ళీ నిజమైపోకూడదు.

రెండో వైపు ఇంకా సున్నితం. ఎక్కడ దొరికిందో తెలియని నాణెం మంచి సంఖ్య ఇస్తుంది గానీ డెల్టా గురించి ఏమీ చెప్పదు. చెరువు పూడిక తీస్తున్నప్పుడో, రొయ్యల గుంట తవ్వుతున్నప్పుడో, ఇంటి పునాది తీస్తున్నప్పుడో ఇవి బయటపడుతుంటాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం భయంతో దాచేవాళ్ళు, బంగారం కాదని పారేసేవాళ్ళు, చింతపండుతో తోమి మెరిపించేవాళ్ళు అందరూ ఉంటారు. చింతపండుతో తోమినా లోపలి ఐసోటోపులకు ఏమీ కాదు. పోయేది పైనున్న మట్టి, అక్షరాల అంచు, ఏ లోతులో ఏ పెంకులతో కలిసి దొరికిందన్న సమాచారం.

సీసానికి అసలు శత్రువు పొయ్యి. 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల మంట చాలు. డెల్టా రేవుల్లో విసురు వలల అంచుకు కట్టే సీసపు గుండ్లను ఇప్పటికీ ఇంటి దగ్గరే పోసుకునేవాళ్ళున్నారు. ఇనప గరిటెలో పాత బ్యాటరీ సీసం, తెగిన వల గుండ్లు, చేతికి దొరికిన బూడిద రంగు ముక్క ఏదైనా వేస్తారు. గరిటెలో ఒక ఓడ బొమ్మ బిళ్ళ పడితే అది నిమిషంలో కరిగి పక్క సీసంలో కలిసిపోతుంది. 16 కానివ్వండి, 18.7 కానివ్వండి, ఆ సంఖ్య బ్యాటరీ సీసంతో కలిసి వల అంచున గౌతమిలో మునుగుతూ తేలుతూ ఉంటుంది.